రెండో పేజీ

పూర్ణా మార్కెట్ వెనక సందులో
గొడుగులు బాగుచేసే బల్ల దాటాక
మజ్జి పైడయ్య కుట్టుమిషన్ల షాపు.
నడిచొచ్చేవాళ్ళకి అడ్రసు అంతే.
ఫోన్లో వెతికేవాళ్ళకి మాత్రం
పద్నాలుగో స్థానం.

పద్నాలుగంటే రెండో పేజీ.
రెండో పేజీ అంటే ఏమిటో
ఎలా చెప్పాలో తెలీక
ఓ సాయంత్రం ఆయన్ని బీచ్‌కి తీసుకెళ్ళాను.
దూరంగా లంగరేసి
దీపాలు పెట్టుకుని నిలబడ్డ ఓడలు.
సరుకుంది, సరంగున్నాడు,
రేవులో చోటే లేదు.
"అదన్నమాట" అన్నాను.
"ఆటికి రోజుకింతని అద్దె పడతాది గదా,
నాకు నెలకే" అన్నాడు పైడయ్య.

ఐదు నెలలు పనిచేశాను,
డాబాగార్డెన్స్ మూడో అంతస్తులో
చప్పుడెక్కువ గాలి తక్కువ ఫ్యాను కింద.
పేజీ బరువు తగ్గించాను.
ఫొటోలకి పేర్లు పెట్టాను.
ఈయన చెయ్యి మంచిదని
ఊళ్ళో నలుగురి పేజీల మీద రాయించాను.
పద్నాలుగు పదకొండైంది.
పదకొండు దగ్గర ఆరు వారాలు ఆగింది
రైలు గేటు ముందు ఆటోలాగా,
ఇంజను ఆపకుండా.

ఓ మంగళవారం లేచి చూస్తే
మూడు.

రోజుకి ఏడుగురొచ్చే చోటికి
నాలుగొందల ముప్ఫై మంది!
గ్రాఫు కైలాసగిరి ఎక్కింది, మెట్లు కూడా తొక్కకుండా.
పావుకిలో జిలేబీ పొట్లంతో పరిగెత్తాను.
పైడయ్య కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
సందులోకి తొంగిచూశాడు.
"నాలుగొందల మందా? ఏరీ?"
గొడుగులాయన కూడా తొంగిచూశాడు.

వచ్చారు, నిజమే.
సూరత్ నుంచి ఎవరో కొత్త మిషను ధర అడగడానికి,
ఎవరో పిల్ల స్కూలు ప్రాజెక్టుకి బొమ్మ కోసం.
సగంమంది మూడు సెకన్లు నిలబడి
గడప మీద చెప్పు కూడా విప్పకుండా పోయారు.
జగదాంబ సెంటర్లో బస్సు దిగినవాళ్ళంతా
మనింటి చుట్టాలా?
ఆ నెల బాగైన మిషన్లు తొమ్మిది.
ముందు నెల కూడా తొమ్మిదే.
ఆ మాట రిపోర్టులో రాయలేదు నేను.

తర్వాత నియమాలు మారాయట.
ఎవరు మార్చారో అడగడానికి కిటికీ లేదు,
గుమాస్తా లేడు, బల్ల కింద చెయ్యి లేదు.
రాత్రికి రాత్రి
మూడు ఇరవై రెండైంది.

ఫీజు తగ్గిస్తానని చెప్పడానికి వెళ్ళాను.
పట్టకారుతో బాబిన్లో చిక్కిన దారం లాగుతూ
తలెత్తకుండానే అడిగాడు:
"ఇరవైరెండు కిందకి కూడా నంబర్లుంటాయేటమ్మా?"
"ఉంటాయి. వేలు."
"ఆలేం జేత్తన్నారో, పాపం."

ఆ రాత్రి చిట్టా చివరంటా చదివాను.
పైన ఉండే పెద్ద మాటలన్నీ దాటి
అట్టడుగున ఒక్క వరస:
పాత నల్ల మిషను జాకెట్టు మధ్యలో దారం తెంపేస్తోంది ఏం చెయ్యాలి
మా స్థానం: ఒకటి.
వచ్చినవారు: ఒకరు.

ఆ మాటలు ఇంకెవరూ రాయలేదు మరి.
వేసవిలో కరెంటు పోయిన మధ్యాహ్నం
పైడయ్య విసనకర్రతో చెప్తుంటే
నేను ఊసుపోక టైపు చేసిన పేరా అది.
"దారాన్ని తిట్టకండి. సూది తిరగేసి పెట్టారేమో చూడండి."

గురువారం అగనంపూడి నుంచి
గంట్యాడ హేమావతి అని ఒకావిడ దిగింది,
దుప్పట్లో చుట్టిన మిషను తలకాయ
చంటిదాన్నెత్తుకున్నట్టు ఎత్తుకుని.
"రాత్రి రెండింటికి అడిగానండి.
తెల్లారి పెళ్ళికి జాకెట్టివ్వాలి.
మీరే పలికారు.
సూది తిప్పాను, కుట్టు పడింది."
మరెందుకొచ్చారంటే
నూనె వేయించడానికట,
పలికిన మనిషిని చూడ్డానికట.

నూటయాభై తీసుకున్నాడు పైడయ్య.
ఆవిడ వెళ్ళాక చేతులు గుడ్డకి తుడుచుకుని
స్టూలు నావైపు జరిపాడు.
"ఆ పెట్టి తెరువమ్మా. రాసుకో.
చక్రం ఎనక్కి తిరుగుతా ఉంటే..."